సంచిలో చేతులు

జెండా ఊగగానే ఆరు బొమ్మ పడవలు ఒక్కసారి గుర్రుమని నీళ్ల మీదికి దూకాయి. గట్టు మీద ఆరుగురు రిమోట్లు పట్టుకుని నిలబడ్డారు. సెంగ్ అంకుల్ చేతిలోనూ రిమోట్ ఉంది. కానీ ఆయన పడవ ఆయన మాట వినడం లేదు.

అది వింటున్నది పందేల్లో ఆయనకు సాయంగా ఉండే రొస్మాన్ మాట. అంకుల్‌కు అడుగు వెనకగా, మెడకు గుడ్డసంచి తగిలించుకుని, రెండు చేతులూ అందులో దూర్చి నిలబడ్డాడు రొస్మాన్. సంచిలో ఇంకో రిమోట్ ఉంది. తొమ్మిది ఆదివారాలుగా ఆ పడవను నడుపుతున్నది అదే.

ఆదివారం వస్తోందంటే చాలు, అది రాకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది రొస్మాన్‌కు.

మలేసియాలో బటు గజా ఊరి దగ్గర తగరం గని మూతపడ్డాక నీళ్లు నిండిన గుంట అది. అక్కడ తిరిగే పడవల్లో సెంగ్ అంకుల్ చెయ్యి పడనిది లేదు. ప్రొపెల్లర్ రెక్క ఎంత సానపట్టాలో, లోపలికి నీళ్లు రాకుండా గ్రీజు ఎక్కడ పుయ్యాలో అందరికీ ఆయనే నేర్పాడు. కాసేపట్లో తనను ఓడించబోయేవాడు వచ్చి అడిగినా, తన పెట్టెలోంచి సామాను తీసిచ్చేవాడు. ఒక్కటి మాత్రం దాచుకున్నాడు. మలుపు గుర్తుగా నీళ్ల మీద తేలే ఎర్ర బంతి చుట్టూ పడవను వేగం పోకుండా ఎలా తిప్పుతాడో ఎవరడిగినా, అది చెప్తే వచ్చేది కాదని నవ్వేసేవాడు.

డెబ్బై నాలుగేళ్లొచ్చాక ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. చేతులతోపాటు పడవా వణికింది. ఒక ఆదివారం అది వంకర్లు పోయి పోయి, తోటి పందెగాడు గుణాళన్ పడవను నిలువునా రెండు చెక్కలు చేసింది. అంకుల్‌ను గుణాళన్ తిట్టలేదు. ముక్కలు ఏరుకుంటూ రొస్మాన్‌ను పక్కకు పిలిచాడు.

"ఇంకోసారి ఇలాగైతే ఆయన్ని పందేలు మానుకోమని చెప్పాలి. ఎవరి కాలో తెగుతుంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్తానన్నాడు రొస్మాన్. చెప్పలేదు. ఈ గట్టు తప్ప ఆ మనిషికి వేరే లోకం లేదు. మరుసటి వారం పెట్రోలు పోసే వంకతో కూర్చుని, పడవను తన రిమోట్‌కు జత చేసేశాడు. అంకుల్ రిమోట్ మీద దీపం కాలిపోయి ఏళ్లయింది. దానికి పడవతో సంబంధం తెగిపోయిన సంగతి ఆయనకెలా తెలుస్తుందిలే అనుకున్నాడు.

పడవ బాణంలా పోయింది. అంకుల్ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక రొస్మాన్ తల దించుకున్నాడు.

తప్పు అంతటితో ఆగినా బాగుండేది. ఈ మధ్య అంకుల్‌కు పడవతో మాట్లాడే అలవాటు పట్టుకుంది. వయసు మీద పడిందని అందరూ జాలిపడ్డారు. పందెం నడుస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉంటాడు.

"వదులు, వదులు. బంతి రాకముందే వదిలెయ్. ముక్కు వంగనీ. ఆఁ, ఇప్పుడు లాగు."

సంచిలో రొస్మాన్ వేళ్లు ఆ గొణుగుడు ప్రకారమే కదిలేవి. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని విద్య ఒక్కో ఆదివారం ఒక్కో ముక్కగా చెవిన పడుతోంది. నిద్రపోయేవాడి జేబులో చెయ్యి పెట్టినట్టుంది తన పని. అయినా చెవులు మూసుకోలేకపోయాడు. ఆ విద్య కోసం అతనూ ఏళ్ల తరబడి వెంటపడ్డవాడే మరి.

ఈరోజూ అంకుల్ పడవే ముందుంది. ఆఖరి మలుపులో అతికించిన పడవతో గుణాళన్ బాగా దగ్గరకొచ్చాడు గానీ అందుకోలేకపోయాడు. అందరూ అంకుల్ చుట్టూ మూగారు. ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చిన నల్ల కాఫీ ఎవరో తెచ్చి చేతికిచ్చారు. స్ట్రా పెట్టి తాగబోతుంటే సగం చొక్కా మీద ఒలికింది.

"చూశారా, వణుకు ఇప్పుడే. రిమోట్ పట్టుకుంటే మాయం" అన్నాడు అంకుల్. "చెయ్యి కుదురుకుంది. ఇంక డాక్టరిచ్చిన ఆ వణుకు మాత్రలు దండగ. రేపట్నుంచి మానేస్తున్నా."

అందరూ నవ్వారు. రొస్మాన్ మాత్రం మెడలోని సంచిని ఒంటికి అదుముకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన పరువు కాపాడుతున్నానని సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన ప్రాణం మీదికే తెస్తున్నాడు. నిజం తెలిస్తే ఈ గట్టు వైపు మళ్లీ రాడు. తన ముఖం కూడా చూడడు. అయినా చెప్పక తప్పదు.

జనం సర్దుకుని వెళ్లిపోయేదాకా ఆగాడు. అంకుల్ చెక్కబెంచీ మీద కూర్చుని పడవ తుడుస్తున్నాడు. రొస్మాన్ ఎదురుగా చతికిలబడి, మెడలోని సంచి తీసి, రిమోట్ బయటపెట్టాడు.

"అంకుల్, మాత్రలు మానకండి. మీ చెయ్యి కుదురుకోలేదు. తొమ్మిది వారాలుగా పడవ నడుపుతున్నది నేను."

అంకుల్ తుడవడం ఆపలేదు.

"మిమ్మల్ని మానుకోమనే ధైర్యం లేక ఇలా చేశాను. అది చాలక, మీరు దాచుకున్న విద్య కూడా మీకు తెలియకుండా కాజేశాను. కొట్టండి, తిట్టండి. మందు మాత్రం మానకండి."

రొస్మాన్‌కు తలెత్తి చూడాలంటే సిగ్గేసింది.

అంకుల్ గుడ్డ పక్కన పెట్టాడు. చొక్కా జేబులోంచి మాత్ర తీసి, మిగిలిన కాఫీతో మింగాడు. ఆ తర్వాత విసుగ్గా అన్నాడు.

"నా రిమోట్‌లో బ్యాటరీలు తీసేసి ఎనిమిది వారాలైందిరా, నీకు వినబడేలా గొణిగీ గొణిగీ నా గొంతే పోయింది."