అవతలి ఊరి గోల్

ఫారో దీవుల ఫుట్‌బాల్ కప్పు ఫైనల్లో అవతలి ఊరు నోర్దాల్ వాళ్లు గోల్ కొట్టగానే హానుస్ లేచి గట్టిగా చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్న సాండ్‌విక్ వాళ్లంతా తిరిగి చూశారు. ఒకప్పుడు సాండ్‌విక్ టీముకి కెప్టెన్ ఆయన.

"కూర్చోండి, అది వాళ్ల గోలు," అంది భార్య సున్వా, చెయ్యి పట్టి లాగుతూ.

"వాళ్లదేంటి? మాదే! మా నోర్దాల్‌ది!"

ఏడాదిగా ఆయనకి మతిమరుపు ముదిరింది. ఇవాళ భార్యనీ పోల్చుకోలేకపోయాడు. "మీరెవరమ్మా? ఏ ఊరు?"

"సాండ్‌విక్."

ఆయన మొహం వాడిపోయింది. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మీ ఊరి పిల్లనే చేసుకుంటున్నాను. మీ టీముకి ఆడితేనే పిల్లనిస్తానన్నాడు వాళ్ల నాన్న. ఇక మా ఊరి తరఫున ఆడను."

పెళ్లికి ముందు ఆయన సున్వాతో నవ్వుతూ, "ఏ చొక్కా అయితేనేం, బంతి ఒకటేగా," అన్నాడు. ఇన్నేళ్లూ ఆమె అదే నమ్మింది.

"కష్టంగా ఉందా?" అని మెల్లగా అడిగింది.

"మా అమ్మ ఒళ్లో పడి ఏడ్చాను." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ పిల్లకి మాత్రం చెప్పకండి. బాధపడుతుంది."

"చెప్పను బాబూ," అంది సున్వా.