ఒక్క రింగు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, పొద్దున్నే ఫోను మోగకపోవడం.

ఆ రోజు మోగలేదు.

అది ఇంటి నుంచి తెచ్చుకున్న బటన్ల ఫోను. లోపల ఉన్నదీ ఇంటి సిమ్మే. పరాయి దేశంలో దాన్ని ఎత్తి మాట్లాడితే బ్యాలెన్సు గుటకాయ స్వాహా. అందుకే బయల్దేరేముందు తోటికోడలితో ఒక మాట అనుకుంది. రోజూ పొద్దున ఒక్క రింగు ఇచ్చి కట్ చేయాలి. మోగితే ఇంట్లో వదిలొచ్చిన తన పాప బాగున్నట్టు. ఇక్కడి సిమ్ కొనుక్కోమని పక్కగది వంటమనిషి ఎంత పోరినా ఆమె వినలేదు. ఇంట్లో ఉంచిన ఫోనులో తన నంబరు ఒకే బటన్ మీద పెట్టించి, గుర్తుకు దాని మీద గులాబీ గోళ్ళరంగు పూసి మరీ వచ్చింది.

"నేనేమన్నా పసిపిల్లనా, రంగులు పూసి చూపిస్తున్నావు?" అని తోటికోడలు అప్పుడే మూతి తిప్పింది.

ఈమెది మొద్దునిద్ర. ఇంట్లో ఉండగా పాప మీదెక్కి ముక్కు పట్టి లాగితేగాని లేచేది కాదు. కుంభకర్ణుడి చెల్లెలని తోటికోడలు ఆమెకు పేరు పెట్టింది. ఇక్కడికొచ్చాక ఆ రింగుతోనే కళ్ళు తెరుస్తోంది. ఇవాళ మాత్రం తను చూసుకునే పెద్దావిడ మంచం మీంచి గంట కొడితేగాని మెలకువ రాలేదు.

ఫోను చూసుకుంది. ఛార్జింగు ఉంది, సిగ్నలూ ఉంది. ఇంటి దగ్గర పిట్టగోడ లేని డాబా, మూతలేని నీళ్ళ తొట్టి కళ్ళ ముందు తిరిగాయి. పెద్దావిడకు బట్టలు మారుస్తూ రెండు చేతులూ ఒకే చొక్కా చేతిలోకి దూర్చబోయింది. ఆవిడకు ఈమె భాష రాదు. ఈమె మొహం చూసి, ఫోను వైపు వేలు చూపించింది.

పోతే పోయింది బ్యాలెన్సు. నొక్కింది. చాలాసేపు మోగాక తోటికోడలు ఎత్తింది.

"అక్కా, పాపకేమైంది?"

"ఏమవుతుంది? గుండ్రాయిలా ఉంది. పీడకలేమన్నా వచ్చిందా?"

"మరి ఇవాళ రింగు ఇవ్వలేదేం?"

 తోటికోడలు గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. మొదట్లో నాలుగు రోజులు పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఇచ్చిందట. మిల్లులో పొద్దుటి షిఫ్టు పడ్డాక ఆ హడావుడిలో మర్చేపోయిందట. ఫోను గూట్లో వదిలేసి చీకటితోనే వెళ్ళిపోతోందట. ఇవాళ సెలవు కాబట్టి ఇంట్లో ఉందట. నెలకోసారి మాట్లాడుకున్నప్పుడు నువ్వూ అడగలేదుగా, అక్కర్లేదేమో అనుకున్నానంది.

ఎందుకడుగుతుంది? వాన పడ్డ రోజూ, తనకు జ్వరం తగిలిన రోజూ, ఒక్క పొద్దు తప్పకుండా మోగిందే. ఒక్కసారి మోగి, బుద్ధిగా ఆగిందే.

"మరి ఇన్నాళ్ళూ ఇచ్చిందెవరక్కా?"

"నాకేం తెలుసు? నీ కూతురు బటన్లు నొక్కి పాడుచేస్తోందని రాత్రి ఈ ఫోను తీసి అటక మీద పెట్టాను, నువ్వు చేస్తేనే ఇప్పుడు దించాను. పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు, ముద్ద ముట్టలేదు. ఇదిగో, చేతిలోంచి లాక్కుంటోంది."

ఇంకా నాలుగేళ్ళు నిండని పిల్ల. అంకెలు రావు. రంగులు మాత్రం వచ్చు.

వెక్కిళ్ళ మధ్య పాప గొంతు వినపడింది.

"అమ్మా, ఇవాళ నేను లేపలేదుగా. నువ్వు లేచావా?"

ఆమె నోరు తెరిచేలోపే బ్యాలెన్సు అయిపోయి ఫోను కట్టయింది. మీలో ఎవరైనా ఆ ఇంటి వైపు వెళ్తే, పాపను ఒక్కసారి చూసి, మీ అమ్మ లేచిందమ్మా అని చెప్పండి.