పన్నెండో పోర్టు

గేటు పక్క గదిలో, చెక్కబల్ల మీద కొత్త ఫోను. దానికున్నది ఒకటే వైరు.

"ఈ గదికి కరెంటే లేదు గదయ్యా. ఫోనెట్టా వెలుగుద్ది?" అన్నాడు కోల్డ్ స్టోరేజీ యజమాని నాగేంద్రబాబు.

"మాటా, కరెంటూ రెండూ ఈ వైర్లోనే వస్తాయండి. ఆఫీసులో స్విచ్ అని ఓ పెట్టె పెట్టాను, ఒక్కో ఫోను వైరుకి అందులో ఒక్కో పోర్టు. అది పంపిద్ది" అన్నాడు కలీం.

ఫోను వెలగలేదు.

మిర్చి బస్తాల లారీలు తప్పించుకుంటూ కలీం ఆఫీసుకి తిరిగొచ్చాడు. లాప్‌టాప్ తెరిచి చూస్తే, పదకొండు పోర్టులకి పవర్ ఆన్ చేసి ఉంది. పన్నెండోదానికి, గేటు ఫోనుదానికి, చెయ్యనేలేదు.

ఆరేళ్ళుగా ఇదే పని. ఎప్పుడూ ఇలా మరిచిపోలేదు.

పొద్దున పన్నెండోది చెయ్యబోతుండగానే, ఫోన్ల లిస్టు తీసుకుని ఆఫీసు క్లర్కు వచ్చింది. ఆయేషా.

చూసి ఏడేళ్ళయింది.

అప్పుడు పిడుగురాళ్లలో పెళ్ళిచూపులు. ఇద్దరికీ నచ్చింది. అంతలో కలీం వాళ్ళమ్మ, దర్శిలో ఉన్న తన అన్న కూతుర్నే చేసుకోమని మంచం పట్టింది.

"శుక్రవారం మధ్యాహ్నం మీ పక్కింటికి ఫోన్ చేస్తా. ఏ సంగతీ చెబుతా" అన్నాడు ఆయేషాతో.

ఆ పై నెలలో అమ్మ చెప్పిన పిల్లనే చేసుకున్నాడు.

ఇప్పుడు ఆయేషా తల వంచుకుని రిజిస్టరు రాసుకుంటోంది. కలీం పన్నెండో పోర్టు ఆన్ చేసి, గేటు దగ్గరికి నడిచాడు.

ఫోను మీద పచ్చగా వెలుగు.

ఆఫీసు నంబరు నొక్కాడు.

"హలో."

"వినపడుతోందాండీ?"

"వినపడుతోందండి."

పని అయిపోయింది. పెట్టేశాడు.

మళ్ళీ నొక్కాడు.

"హలో."

"ఆ శుక్రవారం చేశాను, ఆయేషా. రింగవుతుంటే పెట్టేశాను."

అటు రిజిస్టరు మూసిన చప్పుడు.

"మూడుసార్లు మోగింది" అంది. "పక్కింటివాళ్ళందరూ పెరట్లో ఉన్నారు. పొద్దుట్నించీ నేను ఫోను పక్కనే కూర్చున్నా. ఎత్తబోయాను."

కలీం బల్ల అంచు పట్టుకున్నాడు.

"గేటు ఫోను బాగానే పనిచేస్తోందండి. సారుకి చెప్పండి" అంది ఆయేషా.

అటు పెట్టేసిన చప్పుడు.

నాగేంద్రబాబు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఏమయ్యా, మాట సరిగ్గా వినపడిందా?"

కలీం రిసీవరు ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.

"వినపడిందండి."