చలిదేశం ప్యాంట్లు

"నేను సంతకం పెడితే రేపటినుంచి ఏ బ్యాంకూ మీ సరుకు ముట్టుకోదు. నిజం చెప్పండి. ఈ ప్యాంట్లు ఎక్కడికి పోతున్నాయి?"

"దేవుని సత్తెంగా నాకు తెల్దు సార్!" అన్నాడు భరత్‌కుమార్. అద్దం తలుపు అవతల అతని అరవై కుట్టుమిషన్లు టకటకలాడుతున్నాయి. రాయదుర్గంలో జీన్స్ యూనిట్ పెట్టినప్పటినుంచీ ఇన్‌కంటాక్సువాళ్లను చూశాడు, కరెంటువాళ్లను చూశాడు. ఆంక్షల ఇన్‌స్పెక్టర్‌ను చూడటం ఇదే మొదలు.

ఒక పెద్ద దేశం, తన మాట వినని ఒక చలిదేశంతో ఎవరూ వ్యాపారం చేయకూడదని ఆంక్షలు పెట్టింది. దొంగదారులు పట్టుకోవడానికి ఆ పెద్ద దేశం పెట్టుకున్న మనిషి సాయిగణేష్.

"మీరు మొదట చలిదేశానికే కుట్టేవారు కదా?"

"ఆంక్షలన్న దినమే నిలిపేసినాం సార్. ఇప్పుడు ఆర్డరంతా సముద్రంలో ఒక చిన్న దీవివాళ్లది."

"ఆ దీవిలో ఏడాదంతా ఎండలే. జనాభా ఎనభై వేలు. లోపల ఉన్ని కుట్టిన ప్యాంట్లు లక్షా ఇరవై వేలు. ఎవరు తొడుక్కుంటారు?"

భరత్‌కుమార్ తల గోక్కున్నాడు. "మనిషికి ఒకటిన్నర పడతాది సార్. ఉతికి ఆరేసుకోవల్ల గదా."

"జోకులా? ఆంక్షలు పెట్టాక ఆర్డరు తగ్గాలి. మీకు రెట్టింపెలా అయింది?"

"అదే నాకూ అర్థం కాలేదు. వాళ్లూ వాళ్లూ కొట్లాడుకుంటే నాకు పని పెరగడమేందో మీరే చెప్పల్ల."

సాయిగణేష్ ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. "ఏం ఎండండీ బాబూ! మొన్న పెద్ద దేశం రాజధానిలో మా హెడ్డాఫీసు మీటింగు. మోకాలి లోతు మంచు. వచ్చేటప్పుడు విమానంలో సూట్‌కేసు తప్పిపోయింది. అక్కడ కొనుక్కున్న ఈ బట్టలతోనే మూడు రోజులుగా తిరుగుతున్నా."

అలా అంటూనే బల్లమీది ప్యాంటు తిరగేశాడు. వెనక బెల్టు లూపు కింద మూడు పసుపు కుట్లు.

"ఇదేమిటి?"

భరత్‌కుమార్ తలుపు తీసి కేక వేశాడు. ఆ ప్యాంటు కుట్టిన ఈశ్వరి మెడలో టేపుతోనే వచ్చింది.

"అది నా గుర్తు సార్. మాకు పీసు లెక్కన కూలి. ఏది ఎవురు కుట్టిందో తెలియల్ల గదా, అందుకే తలా ఒక రంగు. యశోదమ్మది ఎరుపు, నాది పసుపు."

"ప్యాకింగ్‌లో తీసేయరా?"

"తీస్తే లూపు ఊడొస్తాది సార్."

సాయిగణేష్ కళ్లు మెరిశాయి. "రెండేళ్లుగా ఈ ఉన్ని ప్యాంట్లు తప్ప ఇంకేమైనా కుట్టావా?"

"యాడ సార్! కలలో గూడా ఇవే."

"దొరికింది! ఈ దారం ఎక్కడ కనిపిస్తే మీ సరుకు అక్కడికి పోయినట్టే. రిపోర్టులో ఆ దేశం పేరే రాస్తాను, మాట తప్పను. చలిదేశం సంతల్లో మావాళ్లున్నారు. వారంలో పట్టుకుంటారు."

భరత్‌కుమార్ అద్దం తలుపు వైపు చూశాడు. మిషన్ల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నట్టు అనిపించింది. తప్పు చేశాడో లేదో కూడా అతనికి తెలియడం లేదు.

సాయిగణేష్ గబగబా రాస్తున్నాడు. చెమట చేతిలోంచి పెన్ను జారి బల్ల కింద పడింది. అందుకోవడానికి వంగాడు. చొక్కా పైకి జరిగింది.

ఈశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏడుస్తాండావా నవ్వుతాండావా?" గొణిగాడు భరత్‌కుమార్.

"వారం ఎందుకన్నా, ఆ పెద్ద దేశం పేరే రాసుకోమను. నా పసుపు దారం సారు నడుం మీదనే ఉండాది!"