ప్రాణదాత

హన్మకొండ బట్టల దుకాణదారు కిషన్ రావు తన అరవయ్యో పుట్టినరోజుకు భార్య కళావతితో సూర్యలంక తీరానికి వచ్చాడు. సముద్రపు తాబేలు పిల్లను చేత్తో పట్టుకున్న ఫోటో ఒకటి ఆయనకు కావాలి.

తాబేలు గుడ్లను కాపాడే అటవీశాఖ కాపలాదారు బుట్ట వంచగానే అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు ఇసుక మీద పాకుతూ నీళ్లవైపు కదిలాయి.

"ముట్టుకోకండి సార్. వాటంతటవే పోవాలి."

"ఇంత దూరం ఇసుక సూసుటానికొచ్చిన్నా?" అంటూ కిషన్ రావు ఒక పిల్లను ఎత్తుకున్నాడు. "కళా, ఫోటో తియ్యి."

ఒక ఫోటోలో కళ్లు మూసుకున్నాడు. ఇంకోదానిలో పొట్ట కనబడింది. ఎండ చురుక్కుమంటోంది. మిగతా పిల్లలన్నీ ఎప్పుడో అలల్లో కలిసిపోయాయి.

"జర కింద పెట్టుండ్రి. పానం మీదికొస్తాంది దానికి," అన్నది కళావతి.

"నీకేం తెల్వది, తియ్యి!"

ఇరవయ్యో ఫోటో నచ్చాక, పిల్లను ఆమె చేతిలో పెట్టి కారెక్కాడు. ఆమె చాలాసేపటికి వచ్చింది.

"పోయిందా?"

"పోయింది."

వారంలో ఆ ఫోటో నిలువెత్తున దుకాణంలో వెలిసింది. కింద బంగారు రంగులో ‘ప్రాణదాత’ అని రాయించాడు.

"మస్తుంది సార్! ఇప్పుడది ఏ సముద్రంల ఈదుతాందో!" అన్నది చీరలకొచ్చిన ఒకామె.

కిషన్ రావు మీసం దువ్వుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ దుకాణంలో నోరు విప్పని కళావతి మాట్లాడింది.

"ఆ చేతిల ఉన్నది పీనుగమ్మా. ఈయన నవ్వు కుదిరేసరికే సచ్చింది. నేనే ఇసుకల బొంద పెట్టొచ్చిన."