సారుకు చెబుతాను

"కోపం వద్దు. ఏడుపు అసలే వద్దు. పేరు, వీధి, ఒక్క విషయం. అంతే. సారు ఆఫీసుకు రాకముందే ఫోన్ చెయ్యండి. వచ్చాక చేస్తే ఫోనెత్తే ఆవిడ మాట మధ్యలోనే తుంచేస్తుంది."

రిటైరైన ఓడ కెప్టెన్ గారి ముందుగదిలో మడతకుర్చీల మీద కూర్చున్నవాళ్లకు మాజీ పాఠం చెబుతోంది.

ఆ పేరు పెట్టింది కెప్టెనే. ఆమె మాజీ ఫెలో. సముద్రం గురించి చదువుకున్నవాళ్లను ఏడాదిపాటు చట్టసభలో కూర్చోబెట్టి, సముద్రం మీద చేసే చట్టాల్లో తెలివితక్కువ రాతలు దొర్లకుండా చూసే ఫెలోషిప్ అది. చిన్న పడవలకు కూడా ఓడల లైసెన్సు ఉండాలన్న నిబంధనను తన ఏడాదిలో మాజీయే పట్టుకుంది, కొట్టేయించింది. ఆ పనితనం చూసే ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఏ ఉద్యోగమని ఇక్కడ ఎవరూ అడగలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా వస్తుంది, అదే చాలనుకున్నారు.

ఇప్పుడు ఆ ఫెలోషిప్‌నే ఎత్తేస్తామంటున్నారు. శుక్రవారం కమిటీలో ఓటింగు. అటు సగం, ఇటు సగం. తేలనిది అందరూ సారు అనే రేవు నియోజకవర్గం సభ్యుడొక్కడే. ఆయనకో అలవాటుంది. ఇంటికి బయల్దేరేముందు తన ఆఫీసులో ఫోనెత్తే మనిషిని పిలిచి, ఇవాళ జనం ఏమన్నారని అడుగుతాడు. ఆమె ఒక్క ముక్కలో చెబుతుంది. ఆ ముక్కను బట్టే ఆయన చెయ్యి లేస్తుంది. ఈ సంగతి చెప్పింది కూడా మాజీయే. అందుకే వారంగా రేవు రేవంతా ఫోన్లు చేస్తోంది.

"అది మనిషా, మంచుగడ్డా?" అంది వలలు బాగుచేసే అత్త. "ఏం చెప్పినా 'సారుకు చెబుతాను' అంటుంది, టక్కున పెట్టేస్తుంది. పైగా ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది."

"ఆఫీసు గొంతులన్నీ ఒకే ఫ్యాక్టరీ సరుకమ్మా," అన్నాడు కెప్టెన్.

అందరూ నవ్వారు. మాజీ ఆలస్యంగా నవ్వింది.

కెప్టెన్ మనవరాలు మాజీకి వేడినీళ్లు తెచ్చిచ్చింది. మాజీ రోజూ గొంతు పట్టేసి వస్తుంది, కుడి చెవి కందిపోయి ఉంటుంది. అదేమిటని అడిగితే పోగు పడలేదంది. ఈ ఏడాది ఫెలోషిప్‌కు ఎంపికైంది ఆ మనవరాలే. సర్దుకున్న పెట్టె వసారాలోనే ఉంది. ఓటు ఎత్తేసే వైపు పడితే, మళ్లీ చేపల గోదాములో ఐసు తూకానికి వెళ్లాలి.

"అక్కా, అక్కడ నేను నెగ్గుకొస్తానంటారా?"

మాజీ ఆ పిల్ల మొహం చూడలేక పెట్టెకేసి చూస్తూ తలూపింది.

బుధవారం సాయంత్రం కెప్టెన్ పేపరు పట్టుకుని వచ్చి, నిలబడే చదివాడు. ఈ ఫెలోషిప్ ఉన్నా పోయినా తన నియోజకవర్గంలో ఎవరికీ పట్టదని, ఒక్క ఫోనైనా రాలేదని రేవు సభ్యుడు విలేకరులతో అన్నాడట.

అత్త కుర్చీలోంచి లేచింది.

"మరి వారం నుంచి నేను మాట్లాడింది గోడతోనా?"

"ఆ ఫోను మనిషే మింగేసింది," అన్నాడు కెప్టెన్.

అంతకుముందు ఆ సీట్లో ఉన్నవాడు సారుకు నచ్చని మాట చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడని విన్నానంది మాజీ. ఆవిడ భయం ఆవిడదేమో అంది.

"ఉద్యోగం పోతే నా దగ్గరికి రమ్మను, వలలు కుట్టడం నేర్పిస్తా," అంది అత్త. "ఎవరి ఉప్పు తింటే వాళ్ల పాట పాడాల్సిందే, కాదన్ను. కానీ దాని భయానికి ఈ పిల్ల పెట్టె విప్పుకోవాలా?"

మనవరాలు మాజీ పక్కకు వచ్చి కూర్చుంది.

"మీతో కూడా అలాగే మాట్లాడిందా అక్కా? మీరు ఫోన్ చేసినప్పుడు?"

మాజీ గ్లాసు కింద పెట్టింది.

"నేనింకా చెయ్యలేదు."

కుర్చీలన్నీ ఆమెవైపు తిరిగాయి. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఊరందరికీ ఈత నేర్పి, నువ్వు గట్టునే కూర్చున్నావన్నమాట," అంది అత్త మెల్లగా.

"రేపు." మాజీ లేచి నిలబడింది. "రేపు తప్పకుండా సారు చెవిన వేస్తాను. అత్తా, మీరూ ఇంకొక్కసారి చెయ్యండి. ఈసారి సారు వచ్చాక."

"వచ్చాక చెయ్యొద్దని నువ్వేగా అన్నావు?"

"రేపొక్కరోజు చెయ్యండి."

మర్నాడు అత్త దుకాణంలో వలల మధ్యన కూర్చుని, సారు కారు రేవు దాటి ఆఫీసుకేసి వెళ్లడం కళ్లారా చూసి, కాసేపాగి ఫోన్ చేసింది. అవతల అదే మంచుగొంతు. పేరు చెప్పింది. వీధి చెప్పింది. చిన్న పడవల లైసెన్సు సంగతి చెప్పింది. సారుకు చెబుతానన్న మాట కోసం చూసింది.

ఆ మాట రాలేదు. కుర్చీ జరిగింది. అడుగులు వినిపించాయి. ఏదో తలుపు తెరుచుకుంది.

"ఎవరమ్మా?" అంది ఒక మగ గొంతు.

అత్త మళ్లీ మొదటి నుంచి చెప్పింది. రోజూ చేస్తున్నానంది. తనే కాదు, రేవంతా చేస్తోందంది.

"వారం నుంచా?" అన్నాడు సభ్యుడు.

సారు చేతికి ఫోనిచ్చి, ఆ గది తలుపు బయటినుంచి దగ్గరగా వేసి, మాజీ తన సీటు దగ్గరికి వచ్చి బల్ల సొరుగు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది.