రెండు సీట్ల ఎర్ర బండి

మండల ఎన్నికలు అయ్యి నెల తిరగకముందే కురుమయ్యకు ఆటో ప్రయాణం విసుగొచ్చింది.

పొద్దున మండలాఫీసుకు పోవాలి. సాయంత్రం ఊరికి రావాలి. దారంతా గుంతలు. ఆటోలో ఒక పక్క పల్లికాయ బస్తాలు, ఒక పక్క ఎవరిదో మేకపిల్ల. దారిలో కనిపించిన వాళ్లంతా ఆయనకు "ప్రెసిడెంటు సాబ్" అని దండం పెడతారు. మేకపిల్లను ఒళ్లో పెట్టుకొని తిరిగి దండం పెట్టడం ఆయనకు నామోషీగా ఉంది.

భార్య అమృతమ్మ కూడా రోజూ వెంట వస్తుంది. వెనక సీట్లో, అన్నం గిన్నె పట్టుకొని. ఆఫీసు చేరగానే ఆయన లోపలికి పోతాడు. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంటుంది. నడుమ ఒకటి రెండుసార్లు లోపలికి పిలుస్తారు. పోయి, సిరా అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ బయటికొస్తుంది. మళ్లీ బెంచీయే. లోపల ఫ్యాను తిరుగుతుంటుంది. వరండాలో ఈగలు.

కారు కొందామని ఇద్దరూ ఆత్మకూరు పోయారు. అక్కడ జాఫర్ పాత కార్లు బాగుచేసి అమ్ముతాడు.

షెడ్డులో రెండు కార్లున్నాయి.

ఒకటి తెల్లది. నాలుగు తలుపులు, ఏసీ, మెత్తటి సీట్లు. తలుపు వేస్తే చప్పుడు కూడా రాదు.

రెండోది ఎర్రది. నేలకు ఆనుకున్నట్టుంది. పైన కప్పు లేదు. వానొస్తే వేసుకోవడానికి ఒక గుడ్డ మడిచి వెనక కట్టి ఉంది. రెండే సీట్లు. ఒకప్పుడు మద్రాసు పందాల్లో పరుగెత్తిందట. ఏదో పాత బంగళా వెనక దానిలో కోళ్లు గుడ్లు పెడుతుంటే జాఫర్ కొనుక్కొచ్చాడు. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి.

కురుమయ్య తెల్ల కారులో కూర్చున్నాడు. ఏసీ వేయించుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"గిదే తీసుకుందం. డ్రైవర్ పక్కన నేను. ఎన్క నువ్వు, నీ అన్నం గిన్నె. ఇంకో ఇద్దరు మనోళ్లు గూడ పడ్తరు."

అమృతమ్మ ఎర్ర కారు చుట్టూ ఒకసారి తిరిగింది. డ్రైవర్ పక్క సీటు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎర్రది కొందం," అంది.

కురుమయ్య నవ్వాడు. జాఫర్ కూడా నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"దాంట్ల డ్రైవరు పోంగ ఒక్కలకే జాగ. నాకా నడ్పనీకి రాదాయె. మరి నువ్వేడ కూసుంటవే?"

"నా సంగతి నేను సూస్కుంట."

కురుమయ్య తన నడుము నొప్పి గురించి చెప్పాడు. దుమ్ము గురించి, వాన గురించి చెప్పాడు. జాఫర్ అమ్ముకునేవాడే అయినా ఉన్నమాట చెప్పాడు. ఎర్రది పెట్రోలు బాగా తాగుతుంది, ఇంజన్ సామాన్లు పాడైతే హైదరాబాదు పోవాలి, రోజూ తిరగడానికి తెల్లదే నయం అన్నాడు. అమృతమ్మ అన్నీ విన్నది. బెంచీ మీద కూర్చొని వినే తీరుగానే విన్నది.

"కారుకు పోయేది నా తల్లిగారు పెట్టిన గొలుసు," అంది చివరికి. "పోతే ఎర్రదాన్కే పోవాలె. లేకుంటే నా మెడలనే ఉంటది. ఆటోలనే పోదం."

కురుమయ్య కోపంగా బయటికి పోయి బీడీ వెలిగించాడు. బీడీ సగం కాలేసరికి కోపం తగ్గింది. ఎర్ర కారులో తను వస్తుంటే మండలమంతా తిరిగి చూస్తుంది. ఇంతకుముందున్న ప్రెసిడెంటుకు స్కూటరే దిక్కు. పైగా భార్య ఇంటిపట్టునే ఉంటుంది. ఆఫీసు కాగితాలేవైనా ఉంటే సాయంత్రం ఇంటికే తెచ్చుకోవచ్చు.

సగం బీడీ పారేసి లోపలికొచ్చాడు. "సరే, ఎర్రదే," అన్నాడు.

దాని నఖరాలు తనకే తెలుసనీ, డ్రైవర్ దొరికేదాకా తనే నడుపుతాననీ జాఫర్ అన్నాడు.

సోమవారం పొద్దున ఎర్ర కారు ఇంటి ముందు ఆగింది. వాడంతా బయటికొచ్చింది. కురుమయ్య గంజి పెట్టిన తెల్ల బట్టలు వేసుకున్నాడు. అత్తరు పూసుకున్నాడు. రెండోసారి చాయ తాగి తీరిగ్గా బయటికొచ్చాడు.

డ్రైవర్ పక్క సీట్లో అమృతమ్మ కూర్చొని ఉంది. ఎన్నికల తర్వాత ఒక్కనాడు కట్టి మడిచిపెట్టిన గద్వాల చీర కట్టుకుంది. గాలికి జుట్టు చెదరకుండా కొంగు తలచుట్టూ బిగించుకుంది.

ముచ్చట పడి కూర్చుందేమోనని ఆయన కాసేపు చూశాడు. ఆమె దిగలేదు.

"దిగు. టైమైతుంది."

"టైమైతుందనే కూసున్న."

"మరి నేనేడ కూసోవాలె?"

వాడంతా చూస్తోంది. అమృతమ్మ తలుపు మీదుగా అన్నం గిన్నె ఆయన చేతికందించింది.

"ఎన్కంగ ఆటోల రా. వరండల బెంచీ ఖాళీగనే ఉంటది."

జాఫర్ ఒకసారి కురుమయ్యను చూశాడు. ఒకసారి ఆమెను చూశాడు. తర్వాత తాళంచెవి తిప్పాడు.

వాడ గోడలు అదిరేటట్టు ఎర్ర బండి కదిలింది. ప్రమాణం చేసిన ఇన్ని రోజులకు, మండల ప్రెసిడెంటు అమృతమ్మ మొదటిసారి తన కుర్చీలో కూర్చోవడానికి పోయింది.